వయసు ఒకటే, ఒళ్లు ఒకటి కాదు

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా అబ్బాయికి పోయిన డిసెంబర్ ఆఖరి వారంలో పన్నెండేళ్లు నిండాయి. రెండేళ్లుగా ఒక అకాడమీలో ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు అండర్-13 బ్యాచ్‌లో ఉన్నాడు. బరువు 31 కిలోలు. అదే బ్యాచ్‌లో నూనూగు మీసాలు వచ్చిన పిల్లలున్నారు. ఒకబ్బాయి అయితే మావాడికంటే అడుగు ఎత్తు ఉంటాడు. ఎండాకాలం సెలవుల్లో ఆ అబ్బాయితో బంతి కోసం పోటీపడుతూ పడి మావాడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేశారు, ఆడుకోవచ్చని డాక్టర్ కూడా చెప్పారు. కోచ్‌ని అడిగితే "ఫుట్‌బాల్ అన్నాక దెబ్బలు తగులుతాయి మేడమ్, అలాగే గట్టిపడతాడు" అన్నారు. ఆ పెద్దబ్బాయికి వయసు తగ్గించి రాయించారని మిగతా తల్లిదండ్రులు అనుకుంటున్నారు. ఒకాయన నాతో "మీరూ ఓ ఏడాది తగ్గించి సర్టిఫికెట్ తెచ్చుకోండి, మనిషిని నేను చూపిస్తా" అన్నారు. మావారు ఫుట్‌బాల్ మానిపించేద్దాం అంటున్నారు. మావాడు ఆ మాటకే ఏడుస్తున్నాడు. అండర్-11లో వేయమని అడగొచ్చా? ఆ అబ్బాయికి ఎముకల పరీక్ష చేయించమని మేమందరం కలిసి అడగడం న్యాయమేనా? నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ సర్టిఫికెట్ సంగతి తేల్చేద్దాం. ఆ పని చేయకండి. ఆ మనిషి ఫోన్ నంబరు కూడా తీసుకోకండి. తప్పుడు పుట్టినతేదీ రాయించడం చట్టప్రకారం నేరం. ఆటల్లో వయసు మోసాన్ని అరికట్టడానికి కేంద్రం 2010లోనే జాతీయ నియమావళి తెచ్చింది. పట్టుబడితే నిషేధం పడేది సర్టిఫికెట్ తెచ్చిన మనిషి మీద కాదు, ఆడే పిల్లవాడి మీద. పైగా ఆ తేదీ ఒక్క ఫుట్‌బాల్‌తో ఆగదు. ఆధార్‌లోకి, స్కూలు రికార్డులోకి, రేపు పదో తరగతి మెమోలోకి వెళ్తుంది. మెమోలో పడిన తేదీ ఉద్యోగం దాకా, రిటైర్మెంట్ దాకా వెంట వస్తుంది. మన అమ్మానాన్నల తరంలో బడిలో వేసేటప్పుడు మాస్టారు తోచిన జూన్ తేదీ రాసేస్తే, దాన్నే అసలు పుట్టినరోజుగా మోసినవాళ్లు ఎందరో ఉన్నారు. అది తెలియక జరిగింది. మీరిప్పుడు తెలిసి చేస్తే, నీ పుట్టినరోజు అడిగితే అబద్ధం చెప్పు అని పన్నెండేళ్ల పిల్లవాడికి మీరే నేర్పినట్టు అవుతుంది.

మీ బాధలో న్యాయం ఉంది. కోచ్ మీకు చెప్పిన జవాబు సరైనది కాదు. దెబ్బలు ఆటలో భాగమే. కానీ 31 కిలోల పిల్లవాడు దాదాపు రెండింతల బరువున్న పిల్లవాడికి వారానికి మూడు సాయంత్రాలు అడ్డం పడితే గట్టిపడడు, బంతి దగ్గరికి వెళ్లడం మానేస్తాడు. అంచున నిలబడి, బంతి రాగానే ఎవరికో తన్నేసి బతికిపోయాననుకుంటాడు. అలా ఓ ఏడాది గడిస్తే బంతిని కాలికింద ఉంచుకోవడం, తలెత్తి చూడటం, ఒకడిని తప్పించుకుని పోవడం ఏవీ అబ్బవు. దెబ్బలకంటే ఈ నష్టం పెద్దది. ఇది ఎక్స్‌రేలో కనబడదు కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇక వయసు గ్రూపులు ఎలా పనిచేస్తాయో చెప్తాను. ఫుట్‌బాల్‌లో ఎక్కువ చోట్ల జనవరి 1ని గీతగా పెట్టుకుంటారు. మన దేశంలో జరిగిన 2017 అండర్-17 ప్రపంచకప్‌లో 2000 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లే ఆడారు. ఈ లెక్కలో జనవరి మొదటి వారంలో పుట్టిన పిల్లవాడూ, డిసెంబర్ ఆఖరి వారంలో పుట్టిన మీవాడూ ఒకే గ్రూపు. కాగితం మీద సమానం, నిజానికి దాదాపు ఏడాది తేడా. ఇరవై అయిదేళ్లకు ఏడాది ఒక లెక్క కాదు. పదేళ్లకు అది పిల్లవాడి జీవితంలో పదో వంతు. జనవరి పిల్లవాడు కాస్త పొడుగ్గా, కాస్త వేగంగా ఉంటాడు. కోచ్ కంటికి అది ప్రతిభలా కనబడుతుంది. టీములోకి వాడే వస్తాడు, ఎక్కువ మ్యాచ్‌లు వాడే ఆడతాడు, ఎక్కువ ఆడినందుకు నిజంగానే మెరుగవుతాడు.

ఇది నా ఊహ కాదు. బెల్జియంలో 1997 దాకా ఈ గీత ఆగస్టు 1 దగ్గర ఉండేది. అప్పుడు ఎంపికైన పిల్లల్లో ఆగస్టు, ఆ తర్వాతి నెలల్లో పుట్టినవాళ్లు ఎక్కువ. గీతను జనవరి 1కి జరిపారు. కొద్దికాలానికే ఎంపికల్లో జనవరి, ఫిబ్రవరి పిల్లలు పైకొచ్చారు. బెల్జియం పిల్లల్లో ఒక్కసారిగా ఏ మార్పూ రాలేదు, మారింది తారీఖు ఒక్కటే. ఇదే ఇప్పుడు అమెరికాలో జరుగుతోంది. అక్కడ సాకర్ అని పిలిచే మన ఫుట్‌బాల్‌లో కొన్నేళ్లుగా పుట్టిన సంవత్సరాన్ని బట్టి గ్రూపులు పెడుతున్నారు. 2026-27 సీజన్ నుంచి ప్రధాన యువజన సంస్థలు ఆగస్టు 1 నుంచి జులై 31 లెక్కకు మారుతున్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మీ బంధువుల పిల్లల్లో సెప్టెంబర్‌లో పుట్టినవాళ్లుంటే అడిగి చూడండి. నిన్నటిదాకా గ్రూపులో చిన్నవాళ్లు, రేపటినుంచి పెద్దవాళ్లు.

పుట్టిన నెల సంగతి ఇంత. ఒంటి సంగతి ఇంకా పెద్దది. మగపిల్లల్లో యుక్తవయసు మార్పులు తొమ్మిదేళ్లకు మొదలైనా, పద్నాలుగేళ్లకు మొదలైనా డాక్టర్లు మామూలే అంటారు. ఎత్తు వేగంగా పెరిగే దశ మగపిల్లలకు సగటున పద్నాలుగేళ్లకు కాస్త అటూ ఇటూగా వస్తుంది, ఆడపిల్లలకు దానికి రెండేళ్ల ముందే. అంటే ఒకే రోజు పుట్టిన ఇద్దరు పన్నెండేళ్ల అబ్బాయిల్లో ఒకడు ఇంకా చిన్నపిల్లవాడు, ఇంకొకడు సగం మగవాడు కావచ్చు. ఎవరూ మోసం చేయనక్కర్లేదు.

అందుకే ఆ పెద్దబ్బాయి గురించి మీరు రాసింది చదివి ఆగిపోయాను. అతని వయసు తగ్గించి రాయించి ఉండొచ్చు. మన దగ్గర అలా జరగదని నేను చెప్పను. కానీ మీసాలు సాక్ష్యం కావు. పన్నెండున్నర, పదమూడేళ్లకు మీసం రావడం ప్రకృతి అనుమతించిన విషయమే. గ్రౌండు అంచున కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్లు ఒక పిల్లవాడిని చూసి "వీడు పదిహేనేళ్లవాడు" అని గుసగుసలాడుకుంటే, ఆ మాట వాడి చెవిన పడకుండా ఉండదు. వాడు నిజంగా పన్నెండేళ్లవాడే అయితే వాడికి మనం చేసిన అన్యాయం ఎంతో ఆలోచించండి. వాడు మీ అబ్బాయిని కావాలని పడేసినట్టు మీరెక్కడా రాయలేదు. ఇద్దరూ బంతి కోసం పరిగెత్తారు, ఒకడు తేలిక, ఒకడు బరువు. ఆ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టింది పెద్దవాళ్లు.

ఎముకల పరీక్ష కూడా మీరనుకున్నంత సూటిగా తేల్చదు. మన దేశంలో ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీసి టీడబ్ల్యూ-3 అనే పద్ధతిలో ఎముకల వయసు అంచనా వేస్తారు. క్రికెట్ బోర్డు అండర్-16 పిల్లలకు వాడేది ఇదే. అది చెప్పేది ఎముకలు ఎంత పక్వమయ్యాయో, పుట్టినతేదీ కాదు. త్వరగా ఎదిగే పిల్లవాడి ఎముకలు అసలు వయసుకంటే ఏడాది, ఏడాదిన్నర ముందుండటం మామూలే. ఫిఫా 2009 నుంచి అండర్-17 ప్రపంచకప్‌లో మణికట్టుకు ఎంఆర్ఐ చేయిస్తోంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఆట కోసం ఎక్స్‌రే తీయడం సరికాదని ఆ దారి పట్టింది. అదీ పదిహేడు దాటారా లేదా అన్నది పట్టుకోవడానికే, మీ పిల్లల వయసుకు పనికిరాదు. తల్లిదండ్రులు గుంపుగా వెళ్లి ఫలానా పిల్లవాడికి పరీక్ష చేయించండి అనడం తప్పు. అడగాలనుకుంటే బ్యాచ్‌లో అందరి జనన ధృవీకరణ పత్రాలూ చూడమని అడగండి. అందులో మీవాడిది కూడా ఉండాలి. ఆసుపత్రిలో పుట్టి, కొద్ది రోజుల్లోనే నమోదైన పత్రానికీ, పదేళ్ల తర్వాత నమోదు చేయించిన పత్రానికీ తేడా ఉంటుంది. నమోదు చేసిన తేదీ దాని మీదే ఉంటుంది. అనుమానం తీరకపోతే తేల్చాల్సింది టోర్నమెంట్ నిర్వాహకులు, అది కూడా నలుగురిలో కాకుండా.

నిజంగా వయసు తగ్గించిన పిల్లలుంటే, వాళ్ల గురించి కూడా నాకు దిగులే. పదమూడు అని రాయించి పదిహేనేళ్ల ఒంటితో ఆడేవాడు భుజంతో నెట్టి గెలవడం నేర్చుకుంటాడు. మిగతావాళ్లు ఎదిగి వాడి ఎత్తుకొచ్చేసరికి వాడి దగ్గర ఇంకే విద్యా ఉండదు. వాడికి ఆ తేదీ రాయించినవాళ్లు అప్పుడు వాడి పక్కన ఉండరు.

మరి దారేమిటి? ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ అకాడమీలు కొన్నేళ్ల కిందట ఒక పద్ధతి ప్రయత్నించాయి. వయసును బట్టి కాకుండా, పిల్లవాడు పెద్దయ్యాక ఎంత ఎత్తు అవుతాడో అంచనా కట్టి, అందులో ఇప్పటికి ఎన్నో వంతు పెరిగాడో చూసి గ్రూపులు చేశారు. ఎనభై అయిదు నుంచి తొంభై శాతం మధ్య ఉన్నవాళ్లంతా ఒక గుంపు అన్నమాట. ఆ ఆటల తర్వాత పిల్లల్నే అడిగారు. ఆలస్యంగా ఎదిగే పిల్లలు, మాకు బంతి దొరికింది, మా మాట చెల్లింది అన్నారు. అది ఊహించగలిగిందే. నాకు నచ్చింది, త్వరగా ఎదిగిన పిల్లలు చెప్పింది. తమ ఒంటివాళ్లతోనే ఆడాల్సి వచ్చేసరికి నెట్టుకుంటూ పోవడం కుదరలేదు, త్వరగా ఆలోచించాల్సి వచ్చింది, పాస్ ఇవ్వాల్సి వచ్చింది, ఇది కష్టంగా ఉంది కానీ మంచిదే అన్నారు. వయసు గ్రూపుల్ని ఎత్తేయలేదు వాళ్లు. అప్పుడప్పుడూ దీన్ని కలిపారు, అంతే. ఎత్తు అంచనాకు పిల్లవాడి ఎత్తు, బరువు, వయసు, తల్లిదండ్రుల ఎత్తు చాలు. కాకపోతే ఆ లెక్క అమెరికాలోని ఒహైయో రాష్ట్రపు తెల్లపిల్లల కొలతల మీద కట్టింది. మన పిల్లలకు దాన్ని వేదవాక్యంగా పట్టుకోకూడదు. కోచ్ కంటికి తోడుగా వాడుకోవాలి.

బరువును బట్టి పంచితే సరిపోదా అని మీకు అనిపించొచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్ వేరే ఆట, ఒకరినొకరు ఢీకొని పడేయడమే అందులో పని. అక్కడ 1929లో పుట్టిన పాప్ వార్నర్ అనే పిల్లల సంస్థ వయసు, బరువు రెండూ చూసి గ్రూపులు కట్టే పద్ధతిని ఎంతోకాలం నడిపింది. వయసు ఎక్కువున్నా తేలిగ్గా ఉన్న పిల్లవాడిని కింది గ్రూపులో ఆడనిచ్చే వీలు కూడా అందులో ఉండేది. మంచి ఆలోచనే. అయితే బరువు గీత ఎక్కడ పెడితే అక్కడ తూకం ముందు రోజు పిల్లలు అన్నం మానేయడం, చెమట పట్టించుకోవడం మొదలవుతుంది. ఎదిగే పిల్లల కడుపు మాడ్చే ఏ పద్ధతీ నాకు న్యాయంగా కనిపించదు. మన ఫుట్‌బాల్‌కి అంత అవసరం కూడా లేదు.

ఇప్పుడు మీ కోచ్ దగ్గరికి వెళ్లండి, ఈసారి మావాడికి దెబ్బ తగిలింది అని కాకుండా కొన్ని స్పష్టమైన పనులు అడగండి. ప్రాక్టీసులో ఒకడిపై ఒకడు ఆడే డ్రిల్ ఉంటుంది కదా, అందులో జతలు కట్టేటప్పుడు ఎత్తు, బరువు చూసి కట్టమనండి. ఇందుకు పైసా ఖర్చు లేదు, ఏ రూలూ అడ్డురాదు, మీవాడికి తగిలిన లాంటి దెబ్బల్లో చాలా భాగం ఇక్కడే ఆగుతాయి. లోపల ఆడుకునే చిన్న మ్యాచ్‌లలో, అయిదుగురేసి ఆడేటప్పుడు, వారానికి ఒకసారైనా ఎదుగుదల బట్టి పంచమనండి. అండర్-11లో పొడుగు పిల్లలు, అండర్-13లో చిన్న పిల్లలు ఒక గ్రౌండులో, మిగతావాళ్లు ఇంకో దాంట్లో. టోర్నమెంట్‌కి మాత్రం ఎవరి వయసు గ్రూపు వాళ్లదే. చాలా అకాడమీల్లో బ్యాచ్ కట్టేది పిల్లవాడిని చూసి కాదు, అయిదు గంటల స్లాట్‌లో ఎందరు చేరారన్న లెక్క చూసి. తొమ్మిదేళ్లవాడూ పద్నాలుగేళ్లవాడూ ఒకే వల లోపల పరిగెడుతుంటారు. మీ దగ్గర కూడా అలా ఉంటే అది ముందు మారాలి.

పనిలో పనిగా ఇంకొన్ని అడిగేయండి. టర్ఫ్ గ్రౌండులో వల కట్టిన ఇనప స్తంభాలకు మెత్తలు ఉన్నాయా, కదిలించే గోల్‌పోస్టుల్ని నేలకు బిగించారా, తలకు దెబ్బ తగిలిన పిల్లవాడిని ఆ రోజుకి ఆపేస్తారా? గోల్‌పోస్టు మీద పడి పిల్లలు చనిపోయిన సందర్భాలు ప్రపంచంలో ఉన్నాయి. తలతో బంతి కొట్టించే ప్రాక్టీసు ఈ వయసుకు తగ్గించమనండి. అమెరికాలో 2015లోనే పదేళ్లు, అంతకంటే చిన్న పిల్లలకు హెడింగ్ ఆపేశారు, పదమూడేళ్ల దాకా ప్రాక్టీసులో పరిమితం చేశారు. ఇంగ్లండ్ 2020లో ప్రాథమిక బడి వయసు పిల్లలకు శిక్షణలో దాన్ని తీసేసింది.

అండర్-11లో వేయమని అడగొచ్చా అన్నారు. ప్రాక్టీసుకైతే అడగొచ్చు, టోర్నమెంట్‌కి కుదరదు. అయితే పూర్తిగా కింది బ్యాచ్‌కి పంపేయమని మాత్రం నేను చెప్పను. వాడి స్నేహితులు అండర్-13లో ఉన్నారు, స్కూల్లో కూడా వాళ్లే ఉండి ఉంటారు. ఏడో తరగతి పిల్లవాడిని అయిదో తరగతి పిల్లలతో ఉంచితే ఎముక దెబ్బ తప్పుతుంది కానీ మనసుకి తగులుతుంది. వారంలో ఒక రోజు చిన్న బ్యాచ్‌తో, మిగతా రోజులు తన బ్యాచ్‌తో అంటే బాగుంటుంది. చిన్న బ్యాచ్‌లో వాడే బంతి నడిపిస్తాడు, వాడే మాట్లాడతాడు, తన బ్యాచ్‌లో అలవాటు తప్పిన ధైర్యం అక్కడ తిరిగొస్తుంది. ముందు వాడిని అడగండి. వద్దంటే బలవంతం చేయకండి. తన బ్యాచ్‌లో వాడు ఆటలో అరటిపండు కాకూడదన్నదే మన ప్రయత్నం. అందుకోసం వాడిని ఇంకో బ్యాచ్‌లో పరాయివాడిని చేయకూడదు.

మణికట్టు గురించి ఒక మాట. ఎత్తు వేగంగా పెరిగే రోజుల్లో ఎముక పొడవు ముందు పెరుగుతుంది, గట్టిదనం కొంత ఆలస్యంగా వస్తుంది. ముంజేయి విరగడం ఆ వయసు పిల్లల్లో ఎక్కువగా కనబడటానికి ఇదొక కారణం. మూడు నెలలకోసారి పొద్దున్నే, చెప్పులు లేకుండా, గోడకు ఆనించి ఎత్తు కొలిచి క్యాలెండర్ మీద రాసుకోండి. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లు దాటి పెరిగితే వాడు ఆ దశలోకి వచ్చినట్టే. అప్పుడు పరుగులు, దూకుళ్లు కాస్త తగ్గించమని కోచ్‌కి చెప్పాలి. మడమ వెనక నొప్పి, మోకాలి చిప్ప కింద ఉబ్బు, నొప్పి ఈ దశలో మామూలే, కానీ "పెరిగే నొప్పులు లే" అని ఆడిస్తూ పోకూడదు, ఎముకల డాక్టర్‌కి చూపించాలి. ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగకపోతే పిల్లల డాక్టర్‌ని కలవండి. 31 కిలోలు కొంచెం తక్కువే అయినా, ఆ అంకె ఒక్కటే చూసి కంగారు పడక్కర్లేదు. మీరిద్దరూ చిన్నప్పుడు ఎప్పుడు పొడుగయ్యారో గుర్తు తెచ్చుకోండి, అది కూడా చాలా చెప్తుంది.

మీవారి భయం నాకు అర్థమవుతుంది. కట్టుతో ఉన్న పిల్లవాడిని చూసిన ఏ తండ్రయినా అదే అంటారు. ఆయనకు ఒక సంగతి చెప్పండి. ఒళ్లు చిన్నదని ఫ్రాన్స్‌లో క్లబ్బులు వరసగా వద్దన్న ఆంత్వాన్ గ్రీజ్‌మన్ స్పెయిన్ వెళ్లి రియల్ సొసైడాడ్ అనే క్లబ్బులో ఎదిగాడు, 2018లో ఫ్రాన్స్‌కి ప్రపంచకప్ గెలిచిన జట్టులో ముఖ్యుడయ్యాడు. తర్వాత ఇంగ్లండ్ జట్టుకే ఆడిన జేమీ వార్డీని పదహారేళ్లప్పుడు చిన్నగా ఉన్నాడని షెఫీల్డ్ వెన్స్‌డే అనే క్లబ్బు వదిలేసింది. మీవాడు గ్రీజ్‌మన్ అవుతాడని నేను చెప్పడం లేదు, అవ్వాల్సిన అవసరం కూడా లేదు. పన్నెండేళ్ల ఒంటిని చూసి ఒక పిల్లవాడి ఆట ముగించేయడం ఎంత తొందరపాటో చెబుతున్నాను. ఆలస్యంగా పెరిగే పిల్లలు తర్వాత్తర్వాత అందుకుంటారు. అప్పటిదాకా వాళ్లు గ్రౌండు వదిలి వెళ్లిపోకుండా చూడటమే మన పని.

కోచ్‌కి ఒక నెల ఇవ్వండి. అడిగినవాటిలో జతలు కట్టే పద్ధతి మారినా చాలు, మిగతావి మెల్లగా వస్తాయి. నెల గడిచినా "గట్టిపడతాడు మేడమ్" అన్న మాటే వినిపిస్తే అకాడమీ మార్చండి. కొత్త చోట ఫీజు కట్టే ముందు ఒక సాయంత్రం ప్రాక్టీసు మొత్తం కూర్చుని చూడండి. కప్పులు, ఫొటోలు గోడ మీద ఎన్ని ఉన్నాయని కాదు, బ్యాచ్‌లో అందరికంటే చిన్నపిల్లవాడు ఎవరో వెతికి, వాడి కాలికి గంటలో బంతి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మీవాడిని కూడా వెంట తీసుకెళ్లండి, లెక్క వాడికే అప్పగించండి.